నిండుకోవడం

ఇలాంటి ఉత్తరాలు గురువారం నాలుగింటికే ఇవ్వాలి.
శుక్ర, శని సెలవులు కదా,
ఆదివారానికి మనిషి చల్లబడతాడని
నబీల్ సార్ లెక్క.

సిత్రాలో, ఇనప గొట్టాల గుట్టల మధ్య
ఒక పోర్టాకాబిన్ మా ఆఫీసు.
కిటికీ తీస్తే రిఫైనరీ వాసన,
మూస్తే ఎవరి డబ్బాలోదో చేపల పులుసు వాసన.
పదకొండేళ్లుగా ఇక్కడ కూర్చుని
చెడ్డ కబుర్లకు ఇస్త్రీ చేస్తున్నాను.

మొదటి పేరాలో మెచ్చుకోవాలి.
మీ సేవలు వెలకట్టలేనివి అనాలి.
వెల కట్టిన కాగితం
దాని వెనకే పిన్ను చేసి ఉంటుంది.
రెండో పేరా నడుమ
అరటిపండులో మాత్ర పెట్టినట్టు
అసలు సంగతి పెట్టాలి.
మూడోదాంట్లో ఉజ్వల భవిష్యత్తు.
ఒకసారి "దురదృష్టవశాత్తూ" అని రాస్తే
సార్ ఎర్ర పెన్నుతో కొట్టేశారు,
అదృష్టాల సంగతి మనకెందుకు, లీగల్ వాళ్లు అడుగుతారని.

అన్నిటికన్నా ముఖ్యం, కర్త ఉండకూడదు.
ఇంగ్లీషు ఎంత మర్యాదస్తురాలో!
నిర్ణయం దానంతటదే కురుస్తుంది,
మబ్బు ఎక్కడా కనబడదు.

నిజానికి నా దగ్గర ఉన్నది ఒకటే ఉత్తరం.
పేరు మారుస్తాను, తేదీ మారుస్తాను.
ఓసారి పేరు మార్చడం మరిచిపోతే
నేపాలీ కుర్రాడొకడు మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు,
"మేడమ్, ఇది నాది కాదు!" అని నవ్వుతూ.
రెండు నిమిషాల్లో సరిచేసి ఇచ్చాను.

ఈ గురువారం ఎలిగేటి పోశెట్టి.
పరంజా కట్టే పని, పదిహేడేళ్లు.
కాగితాన్ని రెండు చేతులా అందుకుని
వెనక ఖాళీ వైపు కూడా తిప్పి చూశాడు.
"ఇండ్ల ఏం రాసిండ్రక్కా? జర తెలుగుల జెప్పు."
నాకన్నా పన్నెండేళ్లు పెద్దవాడు, అక్కా అనేశాడు.

"మీ సేవలు నిలిపివేయబడ..."
అక్కడే ఆగిపోయాను.
కర్తనైతే దాచేయొచ్చు గాని
మన భాషలో ఆ క్రియ చివర
'పడు' వచ్చి కూర్చుంటుంది.
నిలిపివేయబడు, తొలగింపబడు.
ఎవరో ఒకరు పడితే గాని వాక్యం పూర్తికాదు.
నలభై మీటర్ల ఎత్తున
పదిహేడేళ్లు పడకుండా నిలబడినవాడు
హెల్మెట్ చంకలో పెట్టుకుని
నా ముందున్నాడు.

ఆలమూరులో మా మేనత్త
బియ్యం అయిపోయాయి అనేది కాదు,
నిండుకున్నాయి అనేది.
ఆ మాట నమ్మి చిన్నప్పుడు డబ్బా మూత తీశాను.
అడుగున రెండు పురుగులు, కొలిచే గ్లాసు.
కాకపోతే అత్త, ఆ మాట అని ఊరుకునేది కాదు,
చేట పట్టుకుని పక్కింటికి తనే వెళ్లేది.

నా దగ్గర చేట కూడా లేదు.
"తీసేశారన్నా, నెలాఖరుకి.
ఉత్తరం టైపు చేసింది నేనే."

ఏసీ నీళ్లు బకెట్లో చుక్కలు చుక్కలుగా.
ఇండెమ్నిటీ అంకె మీద వేలు పెట్టి
"గిది గరెక్టేనా?" అన్నాడు.
కరెక్టే, రెండుసార్లు కూడాను.
"మా ఇంటిదానికి జెప్పాలె," అని
ఫోన్ తీసి, వేలు నొక్కిపట్టి, అక్కడే నిలబడి,

"ఏమే, మేక ఈనిందా? బోరుకాడ మోటరు మంచిగైందా?
ఇగో, గీ ఎండలు ఇగ నాతోని గాదు.
సాలనుకున్న. నేనే వద్దన్న.
వాళ్లు ఉండుమనే అన్నరు.
వచ్చే నెల వస్తున్న.
బిడ్డకేం గావాల్నో అడుగు."

వేలు తీసేశాడు.
ఉత్తరాన్ని నాలుగు మడతలు చేసి
హెల్మెట్ లోపలి పట్టీ కింద దోపుకున్నాడు.
ఇద్దరం ఫోన్ వంకే చూస్తున్నాం.

రెండు టిక్కులు పడ్డాయి.
నీలం కాలేదు ఇంకా.